బరువు తగ్గాక ఏ స్ట్రెంగ్త్ ప్రోగ్రామ్ ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాదిన్నరలో 28 కిలోలు తగ్గాను. ఆ తర్వాత వెయిట్స్ మొదలుపెట్టి, నాకు సరిపడని ప్రోగ్రామ్ పట్టుకుని నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి, నాలాగే బరువు తగ్గి జిమ్ గుమ్మం దగ్గర ఆగిపోయినవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. నేను డాక్టర్ని కాను. డాక్టర్‌ని అడగాల్సిన చోట ఆ మాట స్పష్టంగా రాశాను, దయచేసి దాన్ని దాటేసి చదవొద్దు.

బరువు తగ్గడం అయిపోయింది కదా, ఇప్పుడు వెయిట్స్ ఎందుకు?

తిండి తగ్గించినప్పుడు ఒంట్లో కొవ్వుతో పాటు కండ కూడా కొంత కరుగుతుంది. డైటింగ్, నడక తప్ప మరే వ్యాయామమూ చేయకపోతే, తగ్గిన బరువులో సుమారు పావు వంతు దాకా కొవ్వు కానిది ఉండొచ్చు. అందులో నీరు కూడా ఉంటుంది కాబట్టి పోయిందంతా కండేనని కంగారు పడక్కర్లేదు. కానీ కండ పోయిన మాట మాత్రం నిజం. మోయాల్సిన బరువు తగ్గింది కనుక ఎముకల సాంద్రత కూడా కాస్త తగ్గుతుంది.

నాకు ఈ సంగతి రైల్లో తెలిసొచ్చింది. 12 కిలోల సూట్‌కేసును పై అరలో పెట్టబోయాను. భుజాల దాకా వచ్చింది, అక్కడి నుంచి చేతులు వణికాయే తప్ప పెట్టె పైకి లేవలేదు. ఒకప్పుడు 28 కిలోల అదనపు బరువును ఒంటి మీద మోస్తూ మెట్లెక్కిన మనిషిని, అందులో సగం కూడా లేని పెట్టెను ఎత్తలేకపోయాను.

కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుందని చాలామంది ఆశ పెడతారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కిలో కండ రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 క్యాలరీలే. ఆ ఆశతో మొదలుపెడితే నిరాశ తప్పదు. బలం కోసం చేయండి, ఎముకల కోసం చేయండి, రేపు రెండు మూడు కిలోలు తిరిగొచ్చినా అందులో కండ వాటా ఉండాలని చేయండి.

ఇంకా 6, 7 కిలోలు తగ్గాలి. అవి కూడా తగ్గాకే మొదలుపెట్టనా?

ఇప్పుడే మొదలుపెట్టండి. కొత్తగా వెయిట్స్ పట్టేవాళ్లకు, తక్కువ తింటున్నా సరే, మొదటి కొన్ని నెలలు బలం పెరుగుతుంది. తగ్గే మిగతా కిలోల్లో కండ తక్కువ పోతుంది. ఒక్కటి మాత్రం చేయండి: వారానికి కిలో చొప్పున తగ్గుతుంటే ఆ వేగాన్ని సగానికి దించండి. కడుపు కట్టుకుని బరువులెత్తితే నిద్ర చెడుతుంది, ఒంటి నొప్పులు తీరవు, నెలలోపే విసుగొస్తుంది.

వీడియోలు చూసి రోజుకో వర్కవుట్ చేస్తే చాలదా? ప్రోగ్రామ్ దేనికి?

వర్కవుట్‌ ఈ రోజు ఏం చేయాలో చెబుతుంది. ఈ రోజు చేసినదాన్ని బట్టి వచ్చేసారి ఏం చేయాలో కూడా చెప్పేది ప్రోగ్రామ్. ఆ రెండో ముక్క లేకపోతే చెమట పడుతుంది, అలసట వస్తుంది, ఆరు నెలల తర్వాత కూడా చేతిలో అవే 5 కిలోల డంబెల్స్ ఉంటాయి.

ఈ ఆలోచన పాతదే. థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు, రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికుల చేత బరువులెత్తించాడు. కాళ్లు కాస్త బలపడగానే బరువు పెంచాడు, మళ్లీ బలపడగానే మళ్లీ పెంచాడు. ఆ పద్ధతి గురించి 1945లో రాశాడు. ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, ఆగకుండా వరుసగా చేసే రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్. మొదట్లో పదేసి రెప్స్ చొప్పున ఏడు నుంచి పది సెట్లు చేయించేవాడు, తర్వాత మూడు సెట్లు చాలని తేల్చాడు. ఇవాళ ఏ జిమ్‌కి వెళ్లినా వినపడే 'మూడు సెట్లు, పదేసి రెప్స్' అనే మాటకు మూలం అక్కడుంది. కోలుకుంటున్న ఒంటి కోసం పుట్టిన పద్ధతి అది. బరువు తగ్గిన ఒళ్లు కూడా ఒకరకంగా కోలుకుంటున్న ఒళ్లే కాబట్టి ఈ కథంటే నాకు ఇష్టం.

మంచి ప్రోగ్రామ్‌ని ఎలా గుర్తుపట్టాలి?

పేరు చూడొద్దు, ఎవరు చేసి చూపిస్తున్నారో వాళ్ల ఒళ్లు అసలే చూడొద్దు. కాగితం మీద నాలుగు రకాల కదలికలు ఉన్నాయో లేదో వెతకండి. మోకాళ్లు వంచి కూర్చుని లేవడం, అంటే స్క్వాట్ లాంటిది. నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం, అంటే డెడ్‌లిఫ్ట్ లాంటిది. చేతులతో నెట్టడం. చేతులతో లాగడం. ఈ నాలుగూ ప్రతి వారం తప్పకుండా రావాలి. ఛాతీకి నాలుగు రకాలు, చేతులకు ఐదు రకాలు ఉండి, కాళ్లకు ఒక్కటే ఉన్న షీటు ఎవరిచ్చినా పక్కన పెట్టేయండి.

తర్వాత ఇంకో ప్రశ్న వేయండి: బరువు ఎప్పుడు పెంచాలో, పెంచలేకపోతే ఏం చేయాలో ఇందులో రాసి ఉందా? మొదటిది చాలా ప్రోగ్రాముల్లో ఉంటుంది. రెండోది ఉన్నవి తక్కువ. కానీ బరువు తగ్గి వచ్చినవాళ్లకు అసలు అవసరం రెండోదే. మన దగ్గర మిగులు శక్తి తక్కువ, కాబట్టి ఆగిపోయే రోజు మిగతావాళ్లకన్నా ముందే వస్తుంది.

ఇక మూడోది, ప్రతి సెట్టూ ఇక చేతకానంత వరకు చేయమంటుందా అన్నది. కొత్తవాళ్లకు అది అక్కర్లేదు. ఇంకో రెండు రెప్స్ చేయగలం అనిపించిన దగ్గర ఆపితే సరిపోతుంది. ఫారం, అంటే కదలిక తీరు, చెడేది దాదాపుగా ఆ చివరి రెండింటిలోనే.

వారానికి ఎన్ని రోజులు?

రెండు లేదా మూడు. పెద్దవాళ్లు ముఖ్యమైన కండరాలన్నిటికీ పని చెప్పే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనూ ఉంది.

నేను పోగొట్టుకున్న నాలుగు నెలల కథ ఇదే. మొదట చేరిన జిమ్‌లో ట్రైనర్ అందరికీ ఇచ్చే షీటే నాకూ ఇచ్చారు. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, అలా ఆరు రోజులు ఆరు భాగాలు. బరువు తగ్గించుకున్న పట్టుదల ఇంకా ఒంట్లోనే ఉంది కదా, ఒక్కరోజు కూడా మానలేదు. నాలుగో నెలకి భుజం నొప్పి, రాత్రి రెండింటికి మెలకువ, బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బరువును పైకి నెట్టడం) మాత్రం మొదటి నెల దగ్గరే. ఆ తర్వాత మూడు రోజులకు తగ్గించాను. ఆరు వారాల్లో అన్ని లిఫ్టులూ, అంటే బరువులెత్తే వ్యాయామాలన్నీ, కదిలాయి. ఎక్కువ చేస్తే ఎక్కువ ఫలితం అనే అలవాటు బరువు తగ్గేటప్పుడు మనకు బాగా ఒంటబడుతుంది, ఇక్కడ అదే అడ్డం తిరుగుతుంది.

5×5, 5/3/1, పుష్-పుల్-లెగ్స్... వీటిలో ఏది?

5×5 అంటే పెద్ద లిఫ్టులు ఐదేసి రెప్స్ చొప్పున ఐదు సెట్లు. బాగా ప్రచారంలో ఉన్న రకంలో వారానికి మూడు రోజులు, ప్రతిసారీ స్క్వాట్ ఉంటుంది, ప్రతిసారీ 2.5 కిలోలు పెంచాలి. లెక్క వేసి చూడండి. 20 కిలోల ఖాళీ బార్‌తో మొదలుపెట్టినా, ఎక్కడా ఆగకపోతే ఎనిమిదో వారం చివరికి 77.5 కిలోలు మోయాలి. కడుపునిండా తినే కుర్రాళ్లకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఇంకా తక్కువ తింటున్నవాళ్లకు, నలభై దాటినవాళ్లకు ఐదారు వారాలకే గోడ తగులుతుంది. తిండి సరిపడా తింటున్నారా, బార్ పట్టుకోవడం నేర్పే మనిషి పక్కన ఉన్నారా, అయితే నిక్షేపంగా తీసుకోండి.

5/3/1 నెమ్మదిగా నడిచే ప్రోగ్రామ్. ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 90 శాతాన్ని ఆధారంగా పెట్టుకుని, బరువును నెలకోసారి పెంచుకుంటూ పోతుంది. మంచిదే, కానీ మొదటి ఆరు నెలల్లో వారం వారం పెరగగలిగినవాళ్లు నెలకోసారి పెంచుకోవడం ఎందుకు? దాన్ని తర్వాతకి ఉంచుకోండి. పుష్-పుల్-లెగ్స్ అంటే నెట్టేవి ఒక రోజు, లాగేవి ఒక రోజు, కాళ్లవి ఒక రోజు. ఎక్కువగా దాన్ని వారానికి రెండుసార్లు తిప్పుతారు, అంటే ఆరు రోజుల లెక్క. ఆరు రోజులతో నా అనుభవం పైన చదివారు.

చాలామందికి నేను చెప్పేది సాదా ఫుల్ బాడీ ప్రోగ్రామ్. రెండు వర్కవుట్లు, మార్చి మార్చి చేయాలి.

మొదటి రోజు: గోబ్లెట్ స్క్వాట్ (ఛాతీ ముందు డంబెల్ పట్టుకుని), డంబెల్ బెంచ్ ప్రెస్, సీటెడ్ రో (కూర్చుని బరువును పొట్ట వైపు లాగడం), ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నిటారుగా నిలపడం).
రెండో రోజు: రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగానే వంచి, తుంటి దగ్గర వంగి లేవడం), ఓవర్‌హెడ్ ప్రెస్ (బరువును తల పైకి నెట్టడం), లాట్ పుల్‌డౌన్ (పైనున్న బార్‌ని ఛాతీ దాకా కిందికి లాగడం), స్టెప్-అప్ (ఎత్తైన మెట్టు ఎక్కి దిగడం).

ప్లాంక్ తప్ప మిగతావన్నీ మూడేసి సెట్లు, 8 నుంచి 12 రెప్స్. సెట్ల మధ్య రెండు నిమిషాలు కూర్చోండి, నిజంగా కూర్చోండి. పెంచే పద్ధతి ఇలా ఉంటుంది. 10 కిలోల డంబెల్‌తో గోబ్లెట్ స్క్వాట్ మొదలుపెట్టారనుకుందాం. మొదటిసారి 10, 9, 8 వచ్చాయి. తర్వాతిసారి 10, 10, 9. ఇంకోసారి 11, 10, 10. మూడు సెట్లూ 12 అయ్యేదాకా బరువు ముట్టుకోవద్దు. అయిన రోజు 12.5 కిలోల డంబెల్ తీసుకోండి, రెప్స్ మళ్లీ ఎనిమిదికో తొమ్మిదికో పడతాయి, అక్కడి నుంచి మళ్లీ ఎక్కండి. బరువు కదలని వారం కూడా ఒక్క రెప్ పెరిగినా అది ముందడుగే. తక్కువ తింటున్న ఒంటికి ఈ వెసులుబాటు ఎంత ముఖ్యమో 5×5లో ఇరుక్కున్నవాళ్లను అడిగితే చెబుతారు.

బరువులు తేలికగా ఉంటే కండ పెరగదంటారు?

పెరుగుతుంది. తేలికైన బరువైనా, చివరి రెప్స్ కష్టమయ్యేదాకా చేస్తే కండ దాదాపు అంతే పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. గరిష్ఠ బలం కావాలంటే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు బరువైనవి ఎత్తాల్సిందే.

ఎంతతో మొదలుపెట్టాలి?

సిగ్గుపడేంత తక్కువతో. మొదటి రెండు వారాలు కదలిక నేర్చుకోవడానికే. ఇక్కడ మనవాళ్లకు ఒక చిత్రం ఎదురవుతుంది. ఏళ్ల తరబడి ఎక్కువ బరువు మోసిన కాళ్లు చాలా బలంగా ఉంటాయి, చేతులూ భుజాలూ బలహీనంగా ఉంటాయి. కాళ్ల వ్యాయామాలు గబగబా పెరుగుతాయి, ఓవర్‌హెడ్ ప్రెస్ 5 కిలోల దగ్గరే నెల కూర్చుంటుంది. అది మామూలే.

ఇంకొకటి, బరువు తగ్గాక ఒంటి తూకం మారుతుంది. పొట్ట అడ్డం లేని స్క్వాట్ కొత్తగా ఉంటుంది, వెనక్కి పడిపోతామేమో అనిపిస్తుంది. ఛాతీ ముందు బరువు పట్టుకునే గోబ్లెట్ స్క్వాట్‌తో మొదలుపెట్టమనేది అందుకే, ఆ ముందు బరువు మనల్ని నిలబెడుతుంది.

మొదటి వారం నొప్పులు ఒకటి నుంచి మూడు రోజులు ఉంటాయి. అది భయపడాల్సింది కాదు. కానీ భరించలేని నొప్పి, వాపుతో పాటు మూత్రం టీ రంగులోకి మారితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతున్నదనడానికి అది గుర్తు కావొచ్చు.

వెయిట్స్ మొదలుపెట్టిన రెండో వారానికే 2 కిలోలు పెరిగాను. మానేయనా?

మానేయొద్దు. నాకు వచ్చిన ప్రశ్నల్లో అందరికన్నా ఎక్కువ టెన్షన్‌తో అడిగేది ఇదే, ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు. నెలల తరబడి పొద్దున్నే వెయింగ్ మెషీన్ ఎక్కి, అంకె తగ్గితే ఆ రోజంతా సంతోషంగా, పెరిగితే ఆ రోజంతా దిగులుగా గడిపాం. ఇప్పుడు అదే మెషీన్ పెరిగిందంటోంది.

పెరిగింది ఎక్కువగా నీరే. పనిచేసిన కండరాలు గ్లైకోజెన్‌ని (కండరాల్లో నిల్వ ఉండే పిండి పదార్థం) నింపుకుంటాయి, ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు నిలుస్తుంది. నొప్పి పెట్టిన కండరాల్లో వాపు రూపంలో కూడా నీరు చేరుతుంది. క్రియాటిన్ అనే సప్లిమెంట్ వాడుతుంటే దానివల్ల ఇంకో కిలో దాకా కనిపించవచ్చు. రెండు వారాల్లో 2 కిలోల కొవ్వు పెరగాలంటే, అవసరానికి మించి 15 వేల క్యాలరీలు తిని ఉండాలి. అలా తిన్నారా లేదా మీకే తెలుసు.

నేను చేసిందేమిటంటే, మెషీన్ ఎక్కడం మానలేదు కానీ ఏ రోజుకారోజు అంకెను పట్టించుకోవడం మానేశాను. ఏడు రోజుల సగటు రాసేవాణ్ని. పక్కన నెలకు రెండుసార్లు నడుము కొలత. దాని పక్కన లిఫ్టులు. మూడో నెలలో ఒక పేజీలో ఇలా ఉంది: సగటు బరువు 1.4 కిలోలు ఎక్కువ, నడుము 2 సెంటీమీటర్లు తక్కువ, గోబ్లెట్ స్క్వాట్ 22.5 కిలోలు. ఆ పేజీ చూశాక మనసు కుదుటపడింది. తగ్గే అంకె కోసమే చూసిన కళ్లకు, పెరిగే అంకె కోసం చూడటం అలవాటయ్యేలా చేసేదే మనకు సరిపోయే ప్రోగ్రామ్. అందుకే రెప్స్, బరువు రాసుకునే పుస్తకం లేకుండా ఏ ప్రోగ్రామూ మొదలుపెట్టొద్దంటాను.

ఎంత తినాలి? మళ్లీ లావవుతానని భయంగా ఉంది.

బరువు నిలకడగా ఉండేంత తినండి. అది ఎంతో ఒక్కసారిగా తెలియదు. ఇప్పుడు తింటున్నదానికి రోజుకు 150 క్యాలరీలు కలిపి రెండు వారాలు చూడండి, సగటు బరువు ఇంకా దిగుతుంటే మరో 150 కలపండి. మొదట్లో నీటి బరువు వల్ల కాస్త పెరిగినా, ఆ పెరుగుదల ఆగాక లెక్క తేలుతుంది.

ప్రొటీన్ విషయంలో ఒంటి బరువులో కిలోకి 1.6 గ్రాములు మంచి లక్ష్యం. 70 కిలోల మనిషికి రోజుకు 110 గ్రాముల పైచిలుకు. అది దాటాక కండ పెరుగుదలలో పెద్దగా తేడా కనిపించదు. గుడ్లు, పాలు, చేపలు, మాంసం, పప్పుధాన్యాలు, సోయా, ఏవి మీకు సరిపడితే అవి, మూడు నాలుగు పూటలకు పంచుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్‌ని అడిగి తీరాలి.

తినాలంటేనే చేయి వణుకుతోంది, పెరిగిన ప్రతి ముద్దకీ తప్పు చేసినట్టు అనిపిస్తోంది అంటే, అది ప్రోగ్రామ్ మార్చితే తీరేది కాదు. మానసిక నిపుణులతో మాట్లాడండి. నాకు తెలిసినవాళ్లలో ఇద్దరికి అదే దారి చూపించింది.

మరి కార్డియో మానేయాలా?

ఏరు దాటాక తెప్ప తగలేయకండి. మీరు తగ్గింది నడకతోనే అయితే ఆ నడకను ఉంచుకోండి, తగ్గిన బరువు నిలబడటానికి అది చాలా సాయం చేస్తుంది. ఒకే రోజు రెండూ చేయాల్సొస్తే ముందు వెయిట్స్, తర్వాత కార్డియో. రోజూ గంటన్నర పరిగెత్తేవాళ్లు మాత్రం కాస్త తగ్గించుకుంటేనే కాళ్లు కోలుకుంటాయి.

వేలాడే చర్మం బిగుసుకుంటుందా?

కొంత మేర. కింద కండ నిండితే చేతుల దగ్గర, తొడల దగ్గర చూడటానికి మెరుగ్గా ఉంటుంది. వయసు తక్కువైతే చర్మం ఏడాది రెండేళ్లలో కొంత సర్దుకుంటుంది. ఎక్కువ బరువు తగ్గినవాళ్లకు పొట్ట దగ్గర మిగిలిన చర్మం ఏ వ్యాయామంతోనూ పోదు. పోతుందని ఎవరైనా ప్రోగ్రామ్ అమ్మితే కొనకండి. సర్జరీ ఆలోచన ఉంటే, బరువు కొన్ని నెలల పాటు నిలకడగా ఉన్నాకే చేస్తారు.

ఆడవాళ్లు వేరే ప్రోగ్రామ్ చేయాలా?

అక్కర్లేదు. ఇదే ప్రోగ్రామ్, ఇవే రెప్స్. ఓవర్‌హెడ్ ప్రెస్ లాంటి వాటిలో 2.5 కిలోలు ఒకేసారి పెంచడం కష్టం కావొచ్చు, చిన్న ప్లేట్లు ఉన్న జిమ్ చూసుకోండి. వెయిట్స్ ఎత్తితే మగవాళ్లలా అయిపోతామన్న భయం వద్దు. కండ అంత తేలిగ్గా పెరిగేదైతే మనమందరం ఇన్ని తంటాలు పడేవాళ్లం కాదు.

అరవై దాటింది. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

1990లో అమెరికన్ వైద్య పత్రిక జామాలో ఒక అధ్యయనం వచ్చింది. వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. పూర్తిచేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. కాబట్టి వయసు అడ్డం కాదు. డాక్టర్‌ని కలవండి, రెండు రోజులతో మొదలుపెట్టండి, పక్కన నేర్పే మనిషిని పెట్టుకోండి.

సర్జరీతో, లేదా ఆకలి తగ్గించే ఇంజెక్షన్లతో తగ్గాను. నాకూ ఇదే వర్తిస్తుందా?

పద్ధతి ఇదే, జాగ్రత్తలు ఎక్కువ. సర్జరీ అయితే ఎప్పటి నుంచి ఎంత బరువు ఎత్తొచ్చో మీ సర్జన్ చెప్పాలి, నేను కాదు. ఇంజెక్షన్ల మీద ఉన్నవాళ్లకు ఆకలి తక్కువ, తినేదీ తక్కువే, కాబట్టి ప్రొటీన్ గుర్తుపెట్టుకుని తినాలి, సెట్లు మూడుకి బదులు రెండుతో మొదలుపెట్టండి.

ఎలా తగ్గినవాళ్లకైనా చెప్పాల్సింది ఇది. బీపీ మాత్రలు ఇంకా పాత మోతాదులోనే వాడుతుంటే, డెడ్‌లిఫ్ట్ చేసి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకు వ్యాయామం మధ్యలో షుగర్ పడిపోవచ్చు. బరువు తగ్గాక మోతాదు చూపించుకున్నారా? చూపించుకోకపోతే జిమ్ ఫీజు కట్టే ముందు ఆ పని చేయండి.

ఇంట్లోనే చేయొచ్చా?

చేయొచ్చు. బరువు మార్చుకునే డంబెల్స్ ఒక జత, ఒక రెసిస్టెన్స్ బ్యాండ్ (సాగే రబ్బరు పట్టీ) ఉంటే మొదటి ఆరు నెలలు గడిచిపోతాయి. ఇంట్లో కష్టమయ్యేది లాగే వ్యాయామాలే, బ్యాండ్ అందుకే.

ప్రోగ్రామ్ ఎప్పుడు మార్చాలి?

12 వారాల లోపు మార్చొద్దు. ఒక లిఫ్ట్ మూడుసార్లు వరుసగా కదలకపోతే ముందు నిద్ర, తిండి చూసుకోండి. అవి బాగుంటే ఆ ఒక్క లిఫ్ట్ బరువును 10 శాతం తగ్గించి మళ్లీ ఎక్కండి. అన్నీ ఒకేసారి ఆగిపోతే ఒక వారం సెట్లు సగానికి తగ్గించి ఒంటికి విశ్రాంతివ్వండి. ఇలా రెండు దఫాలు చేశాక కూడా కదలకపోతే, అప్పుడు 5/3/1 లాంటి నెమ్మది ప్రోగ్రామ్‌కి మారే సమయం వచ్చినట్టు.

జ్వరమొచ్చి రెండు వారాలు మానేశాను. మళ్లీ మొదటి నుంచా?

కాదు. రెండు వారాల్లో బలం పెద్దగా పోదు. జ్వరం పూర్తిగా తగ్గి, మామూలుగా తింటున్న రెండు మూడు రోజులకు వెళ్లండి. పుస్తకంలో చివరి పేజీ తీసి, అక్కడున్న బరువుల్లో 10 శాతం తగ్గించి, మూడుకి బదులు రెండు సెట్లే చేయండి. ఆ తర్వాతిసారి మూడు సెట్లు. రెండు వారాల్లోపే పాత అంకెల దగ్గరికి వచ్చేస్తారు.